తెల్లారేదాక గడప దాటొద్దు

నేను ఊళ్లు తిరిగేది సభల కోసమే. మైకు, దండ, మూఢనమ్మకాల మీద నలభై నిమిషాల ఉపన్యాసం, తిరుగు బస్సు. మొన్న చైత్ర పౌర్ణమికి పాలమూరు వైపు వెళ్లిన వారం రోజుల్లో ఒక్క సభే జరిగింది, అదీ సగంలో ఆగిపోయింది. ఇంటికొచ్చి నెలైంది. అక్కడ చూసినదాన్ని రాయాలని మూడుసార్లు కూర్చుని, మూడుసార్లూ లేచిపోయాను. అక్కడ దెయ్యాన్ని చూశావా అని అడిగితే చూడలేదని కచ్చితంగా చెబుతాను. భయపడ్డావా అని అడిగితే మాత్రం ఈ కాగితాలన్నీ కావాలి.

నాగర్‌కర్నూలు: మిత్రుడి మోకాలు

నన్ను పిలిచినవాడు కుర్మయ్య సారు. సైన్సు చెప్పి రిటైరైన మనిషి, నాకు ముప్ఫై ఏళ్ల స్నేహితుడు. జాతరల్లో తానే నిప్పుల మీద నడిచి చూపించి, మహిమల గుట్టు విప్పినవాడు. ఈసారి వెళ్లేసరికి మోకాలికి ఆపరేషనై మంచం మీద ఉన్నాడు. "నిప్పుల మీద నడిచినోణ్ణి, మెట్ల మీద నడవలేకున్న" అని నవ్వాడు.

మా చీరాల వైపు అతిథి వస్తే అన్నం కుక్కరు ఎక్కుతుంది. ఇక్కడ పెనం ఎక్కుతుంది. కుర్మయ్య భార్య చేత్తో తట్టిన జొన్నరొట్టె, పుంటికూర, పల్లికారం పెట్టింది. నేను రొట్టెను నాలుగు ముక్కలు చేసి నములుతుంటే, కుర్మయ్య విషయం చెప్పాడు.

ఆయన ఒకప్పుడు రాజోలిలో పనిచేశాడు. అక్కడ ఆయన దగ్గర చదివిన శివ అనే కుర్రాడు నిరుడు చైత్ర పౌర్ణమి రాత్రి చనిపోయాడు. చేనేత కుటుంబం. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తుంటే పాము కరిచింది. తల్లి నర్సమ్మ, భర్త లేని మనిషి, పసరు పోయించి తెల్లారేదాకా కూర్చుంది. దవాఖానకు తీసుకువెళ్లేసరికి ఏమీ మిగల్లేదు. శివ ఆమెకు తొలిచూలు బిడ్డ.

ఇంతవరకూ ఇది వేసవిలో ఎక్కడైనా జరిగేదే. పక్కగోడ ఇంట్లో సామేలు అనే ఆటో డ్రైవరు ఉన్నాడు. క్రైస్తవుడైనా అతను పస్కా చేస్తాడు. పస్కా యూదుల పండుగ. ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, ఇటుకలు చేసే బానిసలుగా ఉన్నవాళ్లు ఒక రాత్రి విడుదలై వెళ్లిన రోజు. వాళ్ల గ్రంథం ప్రకారం ఆ రాత్రి ఒక సంహారకుడు దేశమంతా తిరిగి, ఇంటింటా తొలిచూలు బిడ్డను చంపుతాడు. గొర్రెపిల్ల నెత్తురు పూసిన గుమ్మాన్ని మాత్రం దాటిపోతాడు. సామేలు ఆ గ్రంథాన్ని చదివి, అందులో ఉన్నది ఉన్నట్టు చేస్తాడు. నిరుడు కూడా సాయంత్రం గుమ్మానికి నెత్తురు పూసి, ఎందుకని అడిగినవాళ్లందరికీ ఈ కథ ఉత్సాహంగా చెప్పాడు. కొన్ని గంటలకు పక్క ఇంట్లో తొలిచూలు బిడ్డ పోయాడు.

"ఇప్పుడు నర్సమ్మ బిడ్డ తొలి కాన్పుకని పుట్టింటికొచ్చింది" అన్నాడు కుర్మయ్య. "నెలలు నిండినయ్. వీడు మళ్ల పూస్తనంటుండు. ఆ పొద్దు ఆ పిల్లకు ఏమన్న అయితే సామేలు ఇల్లు మిగలదు. నువ్వు పోయి ఆపాలె."

నాకు చరిత్ర గుర్తొచ్చింది. ఐరోపాలో వందల ఏళ్లపాటు, పస్కా రోజులు వచ్చాయంటే యూదుల మీద ఒక నింద వేసేవాళ్లు. పండుగకు పరాయి పిల్లల రక్తం వాడతారని. అది పచ్చి అబద్ధం. ఆ అబద్ధం పేరుమీద వాడలకు వాడలు తగలబడ్డాయి. రాజోలిలో రక్తం నిజంగానే ఉంది, గొర్రెదే అయినా. నింద పుట్టడానికి ఇంకేం కావాలి?

వనపర్తి: మీరెన్నోవాళ్లు సార్?

మర్నాడు వనపర్తిలో బస్సు మారడానికి దిగి, ఒక చిన్న మెస్సులో తిన్నాను. తొంభై రూపాయలకు కడుపు నిండా భోజనం, అడక్కుండానే తలకాయ కూర పులుసు. ఓనరు నాతోపాటే కూర్చుని తింటూ, ఊరి బయట కొండ మీద ఎవరో నిధి కోసం గుంత తవ్విన సంగతి చెప్పాడు. పోలీసులు వెళ్లేసరికి నిమ్మకాయలు, పసుపు, తెగిన కోడి. ఇంకా దేనికోసమో సిద్ధం చేసిన చాప.

"నిధి లేవాలంటే తొలిచూలు కావాలంట సార్" అన్నాడు, పప్పు కలుపుకుంటూ. "అందుకే మేం అమాసకు పెద్దపిల్లలను ఇల్లు కదలనియ్యం."

నేను మొదలుపెట్టాను. నిధులు, మంత్రాలు, బలులు అన్నిటిమీదా నా దగ్గర వాదాలు సిద్ధంగా ఉంటాయి. ఆయన శ్రద్ధగా విన్నాడు. చేయి కడుక్కుని వచ్చి, "మీరెన్నోవాళ్లు సార్, ఇంట్ల?" అని అడిగాడు. అయిదుగురిలో పెద్దవాణ్ణని చెప్పాను.

"అయితే జర పైలంగ పోండ్రి" అని చిల్లర ఇచ్చాడు.

మా కోస్తాలో పెద్దకొడుకంటే తలకొరివి గుర్తొస్తుంది. ఇక్కడ గుంత గుర్తొస్తుంది. సామేలు చెప్పిన కథ ఈ నేలమీద ఎందుకంత తేలిగ్గా అంటుకుందో అప్పుడు అర్థమైంది. భయం ముందే ఉంది, అగ్గిపుల్ల ఒక్కటే కొత్తది.

పెబ్బేరు: మచ్చలేని పిల్ల

శనివారం పెబ్బేరు సంత. దుమ్ము, ఎద్దుల గంటలు, పేడ వాసన, మైకులో ఎవరివో తప్పిపోయిన దూడల వివరాలు. కుర్మయ్య ఫోన్‌లో చెప్పిన గుర్తుల ప్రకారం సామేలును గొర్రెల వైపు పట్టుకున్నాను. యాభై దాటిన మనిషి, సన్నగా, మెడలో తువ్వాలు. ఒక గొర్రెపిల్ల చెవులు రెండూ మడిచి చూస్తున్నాడు. అమ్మేవాడు విసుక్కుంటున్నాడు.

"పిల్లను కొంటున్నవా, పెండ్లి సంబంధం చూస్తున్నవా?"

సామేలుకు కావలసింది ఏడాది లోపు మగపిల్ల, ఒంటిమీద ఏ లోపమూ లేనిది. సంతలో అలాంటిది దొరకడం ఎంత కష్టమో నాకు అక్కడే తెలిసింది. మందలు కలిసిపోకుండా ప్రతి కాపరీ తన గొర్రెల చెవి ఒక తీరుగా కోస్తాడు. చెవి కోసిన పిల్ల సామేలు లెక్కలో లోపం ఉన్నదే. రాజోలి చుట్టుపక్కల వెతికి, దొరక్క, ఇంత దూరం ఆటో వేసుకొచ్చాడు.

చివరికి ఒక ముసలామె దగ్గర దొరికింది. తల్లి చస్తే ఇంట్లోనే సీసాపాలు పట్టి పెంచిందట. మందలోకి పోలేదు కాబట్టి చెవి కోయలేదు. ఆరు వేల అయిదు వందలు చెప్పి, ఆరు వేలకు ఇచ్చింది. ఇచ్చాక ఆమె అటు తిరిగి నిలబడింది. ప్రేమగా పెంచినందుకే ఆ పిల్ల మచ్చ లేకుండా మిగిలింది, మచ్చ లేనందుకే కత్తికి వెళుతోంది.

గద్వాల దాకా సామేలు ఆటోలోనే వెళ్లాను, కాళ్ల మధ్య గొర్రెపిల్లను పెట్టుకుని. దారిలో నా వాదమంతా వినిపించాను. యూదులే ఇది మానేశారయ్యా అన్నాను. వాళ్ల గుడి కూలినప్పటి నుంచీ గొర్రెను కోయరు, పళ్లెంలో ఒక కాల్చిన ఎముక పెడతారంతే. గుమ్మానికి నెత్తురు ఆ మొదటి రాత్రికే అని వాళ్ల పెద్దలే చెప్పారు. పైగా ఇప్పుడు పండుగ రాత్రి తలుపు మూసుకోవడం కాదు, తీస్తారు. ఎప్పుడో వస్తాడనుకునే ఒక ప్రవక్త కోసం ఒక గ్లాసు ద్రాక్షరసం పోసి పెట్టి, ఇంటి తలుపు తెరుస్తారు.

ఈ చివరి మాటకు అతను అద్దంలోంచి నన్ను చూశాడు. "తలుపు తీస్తరా? ఆ రాత్రి?"

"తీస్తారు."

ఎదురొచ్చిన లారీకి దారిచ్చాడు. తర్వాత అన్నాడు: "వాళ్లకు గుడి ఉండె, కూలింది. మాకెన్నడు లేకుండె సార్. మాకున్నది దర్వాజ ఒక్కటే."

తనకు ఈ పండుగ ఎలా వచ్చిందో చెప్పాడు. తొమ్మిదేళ్లప్పుడు తల్లిదండ్రులతో ఎక్కడో ఉత్తరాన డ్యాము పనికి పోయాడట, పాలమూరు లేబరుగా. తట్టలతో మట్టి మోసే పని. రాత్రి క్యాంపు గేటుకు తాళం. ఒక పున్నమినాడు కాపలావాడు తాగి పడిపోతే, తల్లి అతని మొలలోంచి తాళంచెవి తీసి గేటు తెరిచింది. అప్పుడే తడిపిన జొన్నపిండిని కొంగులో మూటగట్టుకుని నడిచారు. తెల్లారాక రైలు పట్టాల పక్కన రాళ్లమీద కాల్చుకు తిన్నారు. ఏళ్ల తర్వాత ప్రార్థనలో ఎవరో ఆ పుస్తకం చదివితే, పులియని పిండిని భుజాన వేసుకుని బానిసలు రాత్రికి రాత్రి బయటపడిన సంగతి విన్నాడు. "గది మా కథనే సార్. మాకంటె ముందు ఎవరికో అయింది, అంతే" అన్నాడు. క్రీస్తు వచ్చాక గొర్రెతో పనేంటని పాస్టరు కోప్పడినా మానలేదు.

గొర్రెపిల్ల నా చెప్పు పట్టీ నమిలి తెంపేసింది. గద్వాలలో చెప్పులు కొనుక్కోవలసి వచ్చింది.

గద్వాల: ఆగిపోయిన సభ

గ్రంథం ప్రకారం గొర్రెను నాలుగు రోజులు ఇంట్లో కట్టేసి ఉంచాలి. కాబట్టి నాకు గద్వాలలో మూడు రోజులు దొరికాయి. ఉదయం ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. మధ్యాహ్నం మగ్గాల దగ్గర. గద్వాల చీర సంగతి మా చీరాలవాళ్లకు తెలుసు, కానీ చేసేటప్పుడు చూడటం వేరు. ఒళ్లంతా నూలు, అంచు పట్టు. రెండు జాతుల దారాలను ఒకదానిలో ఒకటి మెలేసి, అతుకు కనపడకుండా కలుపుతారు. దారాలను అంత సులువుగా కలిపేవాళ్లు మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు తడబడతారని ఒక నేతగాణ్ణి అడిగాను. "మనుషులకు పన్నె లేదు సార్" అన్నాడు. నేతలో దారాలను సర్ది ఉంచే దువ్వెనలాంటి పనిముట్టు పన్నె.

మంగళవారం సాయంత్రం కొందరు యువకులు ఒక హాల్లో సభ పెట్టారు. మూఢనమ్మకాల మీద ఇరవై నిమిషాలు మాట్లాడానో లేదో కరెంటు పోయింది. చీకట్లో, వెనక వరసలోంచి ఒక గొంతు అడిగింది.

"రేపు రాజోలికి పోతుండ్రంట గద. మీరు తొలిచూలేనా సార్?"

ఎవరో నవ్వారు. మిగతావాళ్లు నవ్వలేదు. అయిదు నిమిషాలకు కరెంటు వచ్చేసరికి సగం కుర్చీలు ఖాళీ. చీకట్లో అంతమంది చప్పుడు లేకుండా ఎలా లేచి వెళ్లారో నాకు తెలియలేదు.

రాజోలి: పగలు

సామేలు ఉండేది వరదలో ఇళ్లు పోయినవాళ్లకు కట్టిన కాలనీలో. ఇళ్లు చీటీలు తీసి పంచారట. అందుకే నర్సమ్మ మగ్గం గోడ, సామేలు వంటగోడ ఒకటే. పాత ఊళ్లో అయితే ఈ రెండు గోడలూ జన్మలో కలిసేవి కావు.

గడపలోనే నాకు అడ్డం తగిలింది సామేలు భార్య మార్తమ్మ. నా సంచిలో గద్వాలలో కొన్న బన్నుల పొట్లం ఉంది. పస్కాకు ఇంట్లో పులిసిన పిండి ఉండకూడదు. ఆమె ఆ పొట్లాన్ని చచ్చిన ఎలుకను పట్టినట్టు రెండు వేళ్లతో పట్టుకుని, వీధి అవతల కంపచెట్టుకు తగిలించి వచ్చింది. వీళ్లు దోశపిండి, అంబలితో ఆగలేదు. పెరుగు పారబోశారు, కల్లు మానేశారు. పెరుగుతో ఆ నియమానికి సంబంధం లేదని నేను చెప్పబోతే, మార్తమ్మ కళ్లతోనే ఆపింది.

"కల్లు సంగతి ఎత్తకుండ్రి సార్. ఏడాదికి ఈ ఎనిమిది దినాలే నాకు పండుగ."

మధ్యాహ్నం రామలింగం సేటు వచ్చాడు. ఆ వీధి మగ్గాలకు నూలు ఇచ్చే ఆసామి, వీధికి పెద్ద, కారున్న మనిషి. లోపలికి రాకుండా వాకిట్లోనే నిలబడ్డాడు.

"నీ దేవుణ్ణి నువ్వు మొక్కు సామేలూ, వద్దంటలేను. నీ దర్వాజకు నెత్తురు కనబడ్డదో, రేపు నీకు దర్వాజ ఉండదు." తర్వాత నావైపు తిరిగాడు. "సార్, మీరు చదువుకున్నోళ్లు. నేనేమన్న తప్పు మాట్లాడిన్నా?"

నేను వచ్చింది కూడా నెత్తురు పూయొద్దని చెప్పడానికే. తల ఊపాను. బెదిరించేవాడి పక్కన నిలబడి తల ఊపానని తెలిసేసరికి, ఊపడం అయిపోయింది.

సేటు వెళ్లగానే గోడ అవతలినుంచి నర్సమ్మ వచ్చింది. పొట్టి మనిషి, జుట్టు నెరిసింది, వేళ్ల చివర రంగు మరకలు. సామేలు తలవంచుకున్నాడు. ఆమె తిడుతుందని నేను అనుకున్నాను.

"నా దర్వాజకు గూడ ఇయ్యి, సామేలూ" అంది.

అప్పుడు నేను మాట్లాడాను. నిదానంగా, ఆమెను నొప్పించకుండా, నాకు చేతనైనంత చక్కగా. ఎండాకాలం పాములు చల్లదనానికి మగ్గం గుంతల్లో దూరతాయని, పసరుతో గంటలు పోయాయని, దవాఖానకు వెంటనే వెళ్లి ఉంటే బతికేవాడేమోనని, ఏ దూతా రాలేదని. ఆమె మొత్తం విన్నది.

"అంత నిజమే సార్. పామే కరిచింది. కాని ఇన్ని ఇండ్లుండంగ నా ఇంట్లకే ఎందుకొచ్చింది?"

"ఎందుకూ లేదమ్మా. ఊరికే వచ్చింది."

"అంటే నా కొడుకు ఊరికెనే సచ్చిండా?"

నలభై ఏళ్లలో నన్ను చాలామంది చాలా అడిగారు. ఇంత చిన్న ప్రశ్న ఎవరూ అడగలేదు. సామేలు లోపలికి వెళ్లాడు.

రాజోలి: పొద్దుగూకినప్పుడు

సూర్యుడు దిగుతుండగా దొడ్లో గొర్రెపిల్లను కోశారు. సామేలు మనవరాలు రూతు, ఏడేళ్ల పిల్ల, నాలుగు రోజులు దానికి ఆకులు తినిపించింది. ఆ సమయానికి ఇంట్లో మూల కూర్చుని చెవులు మూసుకుంది. వేపరెమ్మను నెత్తురులో ముంచి సామేలు తన గుమ్మానికి పూశాడు, రెండు పక్కలా, పైన. నర్సమ్మ ఒక స్టీలు గ్లాసు తెచ్చుకుంది. మీ గుమ్మాన్ని నేను ముట్టలేనని అతనంటే, నేనే పెట్టుకుంటానంది. గ్లాసులో పోస్తూ, మందు చీటీ చదివినట్టు ఒక మాట చెప్పాడు.

"తెల్లారేదాక గడప దాటొద్దు. రాసి ఉంది. లోపలున్నోళ్లు లోపల్నే."

తర్వాత జరిగింది నేను అరుగు మీద కూర్చుని చూశాను. ముందు ఎదురింటి కోడలు వచ్చింది, కప్పుతో. తర్వాత మరొకామె, కొబ్బరి చిప్పతో. ఎవరూ మాట్లాడలేదు. నిన్నటిదాకా సామేలు చేతి నీళ్లు తాగనివాళ్లు అతని చేతి నెత్తురును కొంగు కింద దాచుకుని తీసుకుపోయారు. చివరగా ఒక అమ్మాయి మూతతో వచ్చి, నేలను చూస్తూ, "మామ పంపిండు" అంది. రామలింగం సేటు కోడలు.

చంద్రుడు వచ్చేసరికి ఆ వీధిలో ప్రతి గుమ్మమూ తడిగా మెరిసింది. ప్రతి తలుపూ మూసుకుంది. టీవీ చప్పుళ్లు లేవు. కుక్కలు కూడా మొరగలేదు. అవన్నీ సామేలు దొడ్లో, గొర్రెను కోసిన చోట వాసన పట్టుకుని పడి ఉన్నాయి. కారణం అదే. అయినా వాళ్ల గ్రంథంలో ఆ రాత్రి కుక్క కూడా నాలుక ఆడించదని ఒక మాట ఉందని నాకు గుర్తుండటం ఆ క్షణంలో బాగా అనిపించలేదు.

లోపల చాప మీద భోజనం. జొన్నరొట్టె ఉండనే ఉంది. ప్రపంచంలో యూదులు ఏడాదికోసారి ప్రత్యేకంగా చేసుకునే పులియని రొట్టె ఈ నేలమీద రోజూ తినే తిండి. చేదుకు వేపచిగురు. గ్రంథంలో లేనివీ ఎక్కడెక్కడో విని చేర్చుకున్నారు: కన్నీళ్లకు గుర్తుగా ఉప్పునీళ్లు. బానిసలు తొక్కిన మట్టికి గుర్తుగా పల్లీలు, బెల్లం కలిపి దంచిన ముద్ద. ఆ పండుగలో పిల్లలు అడగవలసిన ప్రశ్న రూతు అడిగింది: "తాతా, ఈ రాత్రి ఎందుకు వేరే?" సామేలు ఐగుప్తుతో మొదలుపెట్టి డ్యాము క్యాంపులోకి వచ్చేశాడు. ఎక్కడ మారాడో నాకు తెలియలేదు. ద్రాక్షరసంలో వేలు ముంచి పది చుక్కలు నేలమీద విదిల్చారు. బానిసలను వదలనందుకు ఐగుప్తువాళ్లకు, అంటే శత్రువులకు, పడ్డ పది తెగుళ్ల కోసం మన సంతోషంలోంచి పది చుక్కలు తగ్గించుకోవడం. ఏ మతంలోనైనా నాకు నచ్చిన ఆచారాలు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. ఇది అందులో ఒకటి.

ఎనిమిదో చుక్క దగ్గర గోడ అవతలినుంచి మూలుగు వినిపించింది.

మూసిన తలుపులు

నర్సమ్మ కూతురు సుజాతకు నొప్పులు మొదలయ్యాయి. నేను లేచి బయటికి వెళ్లి నర్సమ్మ తలుపు కొట్టాను. కిటికీ సందులోంచి మాట్లాడింది. ఉమ్మనీరు పోయిందట. వెంటనే బయలుదేరమన్నాను.

"ఎట్ల వస్త సార్? తెల్లారేదాక దాటొద్దన్నడు గద."

"చూడండి, నేను దాటి వచ్చాను. నాకేమైంది?"

"మీకు నమ్మకం లేదు. నమ్మినోళ్లకే గద భయం."

నిరుడు తెల్లారేదాకా కూర్చున్నందుకే కొడుకు పోయాడని గట్టిగా అరిచాను. అవతలినుంచి సుజాత మూలుగే వినిపించింది. సేటు ఇంటికి పరిగెత్తి, కారు తీయమని, మీరైనా వచ్చి చెప్పమని అడిగాను. తలుపు వెనక నిలబడే మాట్లాడాడు. "తెల్లారినంక తీస్త సార్. నాకు మనవడున్నడు." 108కు ఫోన్ చేస్తే బండి రావడానికి గంట పైనే పడుతుందన్నారు. ఇంకో నాలుగు తలుపులు కొట్టాను. ప్రతి తలుపు వెనకా మనుషులు ఊపిరి బిగబట్టి నిలబడటం తెలుస్తోంది. ఒక్కటీ తెరుచుకోలేదు. వెన్నెల్లో ఆ వీధి మొత్తంలో తిరుగుతూ, ఇంటింటి తలుపూ తడుతున్నది నేనొక్కణ్ణే. వాళ్లకు నేనేమనిపించి ఉంటానో తర్వాత తట్టింది.

వెనక్కి తిరిగేసరికి సామేలు వీధిలో ఉన్నాడు. చేతిలో నెత్తుటి గిన్నె, వేపరెమ్మ. ముఖం బూడిదలా ఉంది.

"దాటొద్దని రాసింది నిజమే సార్" అన్నాడు. "కాని మా అమ్మ ఆ రాత్రి గేటు తియ్యకుంటె మేం ఇంక ఆడనే ఉంటుంటిమి. వాళ్లు గూడ తలుపు తీస్తరన్నరు గద మీరు." ఆటో వైపు తిరిగాడు. "నేనూ తొలిచూలునే."

ఆటోను నెట్టుకుంటూ తెచ్చి నర్సమ్మ గుమ్మానికి ఆనించాడు, సందు లేకుండా. గిన్నెలో అడుగున మిగిలిన నెత్తురును వెనక సీటు పక్క కడ్డీలకు రెండు వైపులా, పైన రేకుకూ పూశాడు. తర్వాత తలుపు దగ్గర నోరు పెట్టి అన్నాడు.

"నర్సక్కా, ఇది గూడ దర్వాజనే. ఇంట్లకెళ్లి ఇంట్లకే వస్తున్నవు. నడుమ బయట అన్నది లేదు. తియ్యి."

గడియ తీసిన చప్పుడు వినిపించింది. తల్లీకూతుళ్లు గడపమీంచి నేరుగా ఆటోలోకి ఎక్కారు. నేలమీద కాలు పెట్టలేదు.

ముందు సీటుకు నెత్తురు మిగల్లేదు. సామేలు గిన్నెను తలకిందులు చేసి చూసి, పక్కన పెట్టి, హ్యాండిల్ పట్టుకున్నాడు. నేను అతని పక్కనే, సీటు అంచు మీద ఇరుక్కుని కూర్చున్నాను. ఇద్దరు తొలిచూలువాళ్లం, గుర్తు లేని వైపు.

దారి

సర్కారు దవాఖాన పదిహేను కిలోమీటర్లు. దారి పొడుగునా కళ్లాల్లో ఎండబోసిన మిరపకాయలు వెన్నెల్లో నల్లగా, గడ్డకట్టినట్టు పరుచుకుని ఉన్నాయి. ఘాటుకు కళ్లు మండాయి. సామేలు పెదవులు కదులుతున్నాయి. నేను వెనక నొప్పుల మధ్య నిమిషాలు లెక్కపెట్టాను.

ఒక మలుపులో రోడ్డు మధ్య తెల్లబట్టల మనిషి కనిపించాడు. చేయెత్తి, ఆటోకు ఎదురుగా రెండడుగులు వేశాడు. సామేలు ఆపలేదు. పక్కనుంచి కోసుకుపోయాడు. ఆ మనిషి ముఖం నా వైపు తిరగడం చూశాను గానీ, ఎలా ఉందో చెప్పలేను. లిఫ్టు కోసం నిలబడిన కూలీ అయి ఉంటాడు. పౌర్ణమికి హనుమంతుడి గుడికి పోయే భక్తుడైనా అయి ఉంటాడు. అంత రాత్రివేళ దారిలో మనిషిని వదిలేసి పోవడం తప్పని నాకు తెలుసు. ఆపమని నేనూ అనలేదు.

దవాఖాన

సుజాతను లోపలికి తీసుకెళ్లారు. నర్సమ్మ బయట నిలబడి, ఆటో కడ్డీకి రుద్ది తెచ్చుకున్న బొటనవేలును కాన్పుగది తలుపు చట్రం మీద, తనకు అందినంత ఎత్తులో అద్దింది. నర్సు చూసి, కేకలేసి, ఫినాయిలు గుడ్డతో తుడిచేసింది. ఆమె చేసింది పూర్తిగా సరైన పని. ఇన్‌ఫెక్షన్లు అలాగే వస్తాయి.

నర్సమ్మ నావైపు తిరిగింది.

"తుడిచేసింది సార్. ఏం కాదు గద?"

ప్రసవాల్లో ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు. నిజం మాట్లాడే అలవాటున్న మనిషినైతే ఆ మాటే చెప్పాలి. "ఏం కాదమ్మా" అన్నాను. ఆమె ఇంకోసారి అడిగింది. ఇంకోసారి అన్నాను. రాత్రంతా ఆమె అడిగినప్పుడల్లా అన్నాను. ఆధారం లేని మాటను అన్నిసార్లు, అంత నమ్మకంగా, నా జీవితంలో నేనెప్పుడూ అనలేదు. నర్సు తుడిచిన చోట నేను నా మాటను పూస్తున్నానని తెలుస్తూనే ఉంది. ఆపలేదు.

తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. ఏడుపు విని నర్సమ్మ గోడకు జారబడి కూర్చుండిపోయింది.

నేను బయటికి వచ్చాను. సామేలు ఆటోలోంచి దిగలేదు. ముందు సీట్లో, రాత్రి ఎలా కూర్చున్నాడో అలాగే ఉన్నాడు, రెండు చేతులూ హ్యాండిల్ మీద. తూర్పున ఎరుపు తేలింది.

"ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు" అన్నాను.

తల ఊపాడు. కానీ దిగలేదు.

"తెల్లారిందా సార్?"

"తెల్లారింది."

"నాకేమన్న అయిందా? జర చూసి చెప్పుండ్రి."

హాస్యమాడటం లేదు. నేను అతని మణికట్టు పట్టుకున్నాను. నాడి కొట్టుకుంటోంది, కొంచెం వేగంగా. ఏమీ కాలేదని చెప్పాను. అతను ఊపిరి వదిలి, కాలు నేలమీద పెట్టి దిగాడు. తర్వాత నా ముఖంలోకి చూసి, అడగకుండానే నా చేయి అందుకుని, మణికట్టు మీద వేళ్లు పెట్టాడు.

నేను చేయి లాక్కోలేదు. అతను ఏం చెబుతాడా అని చూస్తూ నిలబడ్డాను.